డెబ్బై దగ్గరి బ్యాండ్: ఒక పీసీకే1 యాంటీబాడీ కేస్ స్టడీ

పీసీకే1 అనే ఎంజైమ్ కోసం వేసిన వెస్టర్న్ బ్లాట్ అది. కణాల ప్రోటీన్లను జెల్‌లో బరువును బట్టి విడదీసి, పొర మీదికి ఎక్కించి, కావలసినదాన్ని యాంటీబాడీతో పట్టి బ్యాండ్‌గా, అంటే గీతగా, చూపించే పరీక్ష. బ్లాట్ చూడ్డానికి ముచ్చటగా ఉంది. బ్యాక్‌గ్రౌండ్ శుభ్రంగా ఉంది. ఒకే ఒక్క బ్యాండ్, అదీ యాంటీబాడీ డేటాషీట్‌లో రాసిన చోటే, ప్రోటీన్ బరువులు చూపే మార్కర్‌లో 70 కిలోడాల్టన్ల గీతకు ఆనుకుని. గ్లూకోజ్ నిండుగా ఉన్న మీడియంలో పెంచిన కణాల్లో పలచగా, గ్లూకోజ్ తగ్గించిన కణాల్లో చిక్కగా కనపడింది. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ అదే వచ్చింది. మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఆ బొమ్మ తెచ్చి చూపించినప్పుడు ఆమెతోపాటు నేనూ సంతోషించాను. ఆ బ్యాండ్ మేం అనుకున్న ప్రోటీన్‌ది కాదని తేలడానికి నాలుగు నెలలు పట్టింది.

ఈ కేసులో ఎవరూ మోసం చేయలేదు, పనిలో అలసత్వమూ లేదు. యాంటీబాడీ అమ్మినవాళ్ల డేటాషీట్‌లో అబద్ధం లేదు. మా చేతిపనిలో తప్పు లేదు. అయినా తప్పు ప్రోటీన్‌కు పేరు పెట్టి, దాని చుట్టూ ఒక కథ అల్లుకున్నాం. ఇలాంటి తప్పు ఎలా జరుగుతుందో, ఎక్కడ పట్టుకోవచ్చో పూర్తిగా రాయాలనిపించింది. ఇదే ఎంజైమ్ మీద, ఇలాంటి ఎంజైముల మీద పనిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఎంజైమ్ సంగతి

మేం వెతుకుతున్నది ఫాస్ఫోఈనాల్‌పైరువేట్ కార్బాక్సీకైనేజ్. నోరు తిరగని పేరు కాబట్టి అందరూ పెప్‌సీకే అంటారు. ఆక్సలోఎసిటేట్‌ను తీసుకుని, జీటీపీ అనే శక్తి అణువును ఖర్చుపెట్టి, ఫాస్ఫోఈనాల్‌పైరువేట్‌గా మారుస్తుంది. ఆ క్రమంలో ఒక కార్బన్ డయాక్సైడ్ బయటపడుతుంది. తిండి లేని వేళ కాలేయం లాక్టేట్ నుంచి, అమైనో ఆమ్లాల నుంచి కొత్తగా గ్లూకోజ్ తయారు చేసుకునే దారిలో ఇది ముఖ్యమైన మలుపు. 1950లలో మెర్టన్ అటర్, కియోషి కురహాషి దీన్ని కోడి కాలేయంలో గుర్తించారు.

మనిషిలో ఈ పని చేసే ప్రోటీన్లు రెండు. పీసీకే1 కణంలోని ద్రవభాగమైన సైటోసాల్‌లో ఉంటుంది, దాని జీన్ 20వ క్రోమోజోమ్ మీద ఉంది. పీసీకే2 మైటోకాండ్రియా లోపల ఉంటుంది, దాని జీన్ 14వ క్రోమోజోమ్ మీద ఉంది. జీన్లు వేరు, చిరునామాలు వేరు, కానీ ప్రోటీన్లు అక్కాచెల్లెళ్ల పోలిక. అమైనో ఆమ్లాల వరుసలో దాదాపు 70 శాతం ఒకటే. పీసీకే1 పొడవు 622 అమైనో ఆమ్లాలు, బరువు సుమారు 69 కిలోడాల్టన్లు. పీసీకే2 తయారయ్యేటప్పుడు 640 ఉంటాయి. మైటోకాండ్రియాలోకి వెళ్లాక ముందుభాగంలోని సంకేత ముక్క తెగిపోయి, మిగిలినది 67 దరిదాపుల్లో తేలుతుంది. మామూలు 10 శాతం జెల్ మీద ఈ తేడా కంటికి ఆనదు. సరైన సైజులో బ్యాండ్ వచ్చిందంటే రెండింటిలో ఏదైనా కావచ్చు. ఈ ఒక్క విషయం మొదటి రోజే కాగితం మీద రాసుకుని ఉంటే నాలుగు నెలలు మిగిలేవి.

పెప్‌సీకే గురించి చాలామందికి ఉన్న తొలి జ్ఞానం ఎలుకల నుంచి వచ్చింది. ఎలుక కాలేయంలో పెప్‌సీకే చర్యలో 90 శాతానికి పైగా సైటోసాల్‌దే. మనిషి కాలేయంలో అలా కాదు, రెండూ సుమారుగా చెరిసగం. ఎలుక పుస్తకం చేతిలో పట్టుకుని మనిషి కణాలను చదవబోతే ఇక్కడే కాలు జారుతుంది.

మా విద్యార్థిని పని ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల మీద. ఏ549 అనే సెల్ లైన్. గ్లూకోజ్ కరువైనప్పుడు ఆ కణాలు ఏం చేస్తాయన్నది ప్రశ్న. ఉపవాసంలో కాలేయంలో పీసీకే1 పెరుగుతుందని అందరికీ తెలుసు. గ్లూకోజ్ తీసేస్తే ఏ549లో కూడా బ్యాండ్ పెరిగింది. తర్కం అతికినట్టు సరిపోయింది. అనుకున్నదే కంటికి కనపడితే ప్రశ్నలు వేయాలన్న తపన తగ్గుతుంది. మాకూ అదే జరిగింది.

యాంటీబాడీ, అది మాకు ఇచ్చిన ధైర్యం

కుందేలులో తయారైన పాలిక్లోనల్ యాంటీబాడీ అది. మనిషి పీసీకే1లోని ఒక పెద్ద ముక్కను ఇమ్యునోజెన్‌గా, అంటే యాంటీబాడీని పుట్టించే పదార్థంగా, ఎక్కించి తీశారు. డేటాషీట్‌లో మనిషి కాలేయం లైసేట్‌తో (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం), హెప్‌జీ2 అనే కాలేయ క్యాన్సర్ కణాలతో వేసిన బ్లాట్ బొమ్మలున్నాయి, రెండింట్లోనూ 70 దగ్గర ఒకే బ్యాండ్. దాన్ని వాడిన పరిశోధనా పత్రాల జాబితా కూడా పెద్దదే. ఆ జాబితాను తర్వాత ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. ఎక్కువభాగం ఎలుక కాలేయం మీద చేసినవే. ఆ కణజాలంలో ఈ యాంటీబాడీ నిజంగానే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ పట్టుకోవడానికి ఉన్నది దాదాపుగా పీసీకే1 ఒక్కటే. మనిషి క్యాన్సర్ కణాలకు వచ్చేసరికి ఆ జాబితా మాకు ఏ హామీ ఇవ్వదు. ఎన్ని పత్రాల్లో వాడారన్న లెక్క కన్నా, ఏ కణంలో వాడారు, అక్కడ దేన్ని కంట్రోల్‌గా పెట్టారు అన్నది చూడాలి.

మేం మొదట్లో చేసిన ఒక పరీక్ష మమ్మల్ని మరింత తప్పుదారి పట్టించింది. యాంటీబాడీతోపాటు బ్లాకింగ్ యాంటిజెన్, అంటే అది పట్టుకునే ప్రోటీన్ ముక్క, కూడా కొన్నాం. దాన్ని యాంటీబాడీతో ముందే కలిపి, ఆ మిశ్రమాన్ని పొర మీద వేస్తే బ్యాండ్ మాయమైంది. ‘స్పెసిఫిక్’ అని నోట్‌బుక్‌లో రాసుకున్నాం. నిదానంగా ఆలోచిస్తే ఆ పరీక్ష చెప్పేది చాలా తక్కువ. యాంటీబాడీ చేతులన్నీ యాంటిజెన్‌తో నిండిపోతే అది అసలు ప్రోటీన్‌నూ పట్టుకోలేదు, పోలిక ఉన్న మరో ప్రోటీన్‌నూ పట్టుకోలేదు. రెండు బ్యాండ్లూ ఒకేలా మాయమవుతాయి. యాంటీబాడీ తన బైండింగ్ సైట్‌తోనే అంటుకుంటోందని మాత్రం దానివల్ల తెలుస్తుంది. పొర మీద అది పట్టుకున్నది ఎవరినో తెలియదు. ఈ పరీక్షను నేనిప్పుడు ధ్రువీకరణ కింద లెక్కలోకి తీసుకోను.

మొదటి యాంటీబాడీ లేకుండా, దాన్ని పట్టుకుని సిగ్నల్ ఇచ్చే సెకండరీ యాంటీబాడీ ఒక్కటే వేసి చూశాం, ఏమీ రాలేదు. అది మంచిదే, చేయాల్సిందే. కానీ దానితోనూ ఈ ముడి వీడదు.

ముడి ఎక్కడ వీడింది

పత్రం పంపే ముందు ఒక నాక్‌డౌన్, అంటే జీన్ పనిని తగ్గించి చూసే పరీక్ష, ఉంటే బాగుంటుందనుకున్నాం. పీసీకే1 ఎంఆర్‌ఎన్‌ఏను (ప్రోటీన్ తయారీకి జీన్ నుంచి వచ్చే నకలు) నాశనం చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, అంటే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏలు, రెండు, వేర్వేరు సీక్వెన్సులవి, తెప్పించాం. 72 గంటల తర్వాత బ్లాట్ వేస్తే బ్యాండ్ చెక్కుచెదరలేదు.

“మేడం, ట్రాన్స్‌ఫెక్షన్ పనిచేయలేదేమో. ఇంకో రియేజెంట్‌తో వేసి చూస్తాను” అంది ఆ అమ్మాయి. ట్రాన్స్‌ఫెక్షన్ అంటే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏను కణంలోకి చేర్చడం. అప్పుడు ఎవరైనా అలాగే అంటారు. బ్యాండ్ తగ్గకపోతే ముందు ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏను అనుమానిస్తాం. యాంటీబాడీని అనుమానించడం ఆఖరి మాట. ఇంకోసారి వేసింది. బ్యాండ్ అలాగే ఉంది.

పీసీకే1 ప్రోటీన్ ఎక్కువసేపు నిలిచేది కాదు. ఎలుక కాలేయంలో దాని అర్ధాయువు సుమారు ఆరు గంటలు, దాని ఎంఆర్‌ఎన్‌ఏ అయితే అరగంట లెక్కన కరిగిపోతుంది. మూడు రోజులు కొత్త ఎంఆర్‌ఎన్‌ఏ లేకుండా చేస్తే ఇంత చిక్కటి బ్యాండ్ నిలబడటం సందేహాస్పదం. అప్పుడు ఎంఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే క్యూపీసీఆర్ చేయమన్నాను, నాక్‌డౌన్ ఎంత జరిగిందో కొలవడానికి. ఫలితం చూసి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. నాక్‌డౌన్ చేయని కంట్రోల్ కణాల్లోనే పీసీకే1 సీటీ విలువ 36 దాటి ఉంది. సీటీ అంటే సిగ్నల్ కనపడటానికి పట్టిన చక్రాల లెక్క, అది పెరిగేకొద్దీ ఎంఆర్‌ఎన్‌ఏ తక్కువన్నట్టు. అంటే ఆ కణాల్లో ఆ ఎంఆర్‌ఎన్‌ఏ ఉన్నా లేనట్టే. తగ్గించడానికి అక్కడ ఏమీ లేదు. పక్క ప్లేట్‌లో పీసీకే2 వేసి చూస్తే 23 దగ్గర లేచింది.

“సీక్వెన్సులు రెండూ తీసుకురా అమ్మా, పక్కపక్కన పెట్టి చూద్దాం” అన్నాను.

డేటాషీట్‌లో ఇమ్యునోజెన్ ఏ అమైనో ఆమ్లం నుంచి ఏ అమైనో ఆమ్లం దాకా అన్నది రాయలేదు, ‘మనిషి పీసీకే1లో ఒక భాగం’ అని మాత్రం ఉంది. అమ్మినవాళ్లకు రాసి అడిగితే వివరం పంపారు. ముక్క ప్రోటీన్ రెండో సగంలోనిది. రెండు పెప్‌సీకేలనూ ఒకదాని కింద ఒకటి పేర్చి, ఆ భాగాన్ని పసుపు రంగుతో గుర్తు పెట్టాం. పది, పన్నెండు, పదిహేను అక్షరాల పొడవున ఒకే వరుసలు పదేపదే వచ్చాయి. ఒక యాంటీబాడీ పట్టుకోవడానికి ఆరేడు అమైనో ఆమ్లాలు చాలు. పాలిక్లోనల్ అంటే ఆ ముక్క మీద వేర్వేరు చోట్ల పట్టుకునే రకరకాల యాంటీబాడీల గుంపు. ఆ గుంపులో కొన్నైనా రెండు ప్రోటీన్లకూ ఉమ్మడిగా ఉన్న చోట పట్టుకోకుండా ఎలా ఉంటాయి? ఈ పేర్చి చూసే పనికి మాకు పట్టింది ఇరవై నిమిషాలు. యాంటీబాడీ కొనక ముందు చేయాల్సిన పని అది.

నిర్ధారణ

అనుమానం ఒక ఎత్తు, తేల్చడం ఒక ఎత్తు. ఏయే పరీక్ష ఎందుకు పెట్టామో రాస్తాను. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు.

ముందు పీసీకే2 నాక్‌డౌన్. ఇక్కడా రెండు వేర్వేరు ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏలు వాడాం, ఒక్కదాన్నే నమ్మితే అది దారి తప్పి మరేదైనా జీన్‌ను తగ్గించే ప్రమాదం ఉంటుంది. రెండింటితోనూ 72 గంటలకు ఆ చిక్కటి బ్యాండ్ నీడలా మిగిలింది. ఏ జీన్‌నూ తాకని కంట్రోల్‌లో బ్యాండ్ అలాగే ఉంది. నాలుగు నెలలుగా మేం పీసీకే1 అని పిలుస్తున్నది పీసీకే2 అని దీంతోనే దాదాపు తేలిపోయింది.

లోడింగ్ కంట్రోల్ (లేన్లన్నింటిలో ప్రోటీన్ సమానంగా వేశామని చూపేది) గురించి ఇక్కడ ఒక మాట. అలవాటు కొద్దీ జీఏపీడీహెచ్ వేసేవాళ్లం. కానీ అది కూడా మెటబాలిక్ ఎంజైమే, గ్లైకాలిసిస్‌లో పనిచేసేది. గ్లూకోజ్‌ను ఎక్కువ తక్కువ చేసే ప్రయోగంలో దాన్ని కొలబద్దగా పెట్టుకోవడం నాకు నచ్చదు. పాన్సో ఎస్‌తో పొర మొత్తం రంగు వేసి ఫోటో తీసుకున్నాం, దానికి తోడు విన్‌క్యులిన్ అనే మరో ప్రోటీన్‌కు బ్లాట్ వేశాం. ఇంకొకటి: ఒకే సైజు ప్రోటీన్లను పోల్చేటప్పుడు పొరను స్ట్రిప్ చేసి రెండో యాంటీబాడీ వేయకూడదు. మొదటిది పూర్తిగా ఊడకపోతే, మిగిలిన దాని బ్యాండ్ కొత్తదాని బ్యాండ్ లాగే, అదే చోట కనపడుతుంది. ఒకే లైసేట్లను రెండు జెల్స్ మీద నడిపి, రెండు పొరలుగా తీసుకున్నాం. శ్రమ రెట్టింపు, కానీ అనుమానం ఉండదు.

తర్వాత కణాన్ని విడదీయడం. డిజిటోనిన్ అనే డిటర్జెంట్ కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్న పొరను ముందు చిల్లులు చేస్తుంది. అంటే కణం బయటి పొర తెరుచుకుంటుంది, మైటోకాండ్రియా లోపలి పొర నిలబడుతుంది. మోతాదు సరిగ్గా కుదిరితే సైటోసాల్ బయటికి జారుతుంది, మైటోకాండ్రియా అడుగున దిగే పెల్లెట్‌లో మిగులుతాయి. మోతాదు కోసం ఆ అమ్మాయి నాలుగు సాంద్రతలు ప్రయత్నించింది, ఐస్ మీద, ఒక్కోదానికి ఐదు నిమిషాలు. సైటోసాల్‌కు గుర్తుగా ఎల్‌డీహెచ్‌ఏ, మైటోకాండ్రియా మాట్రిక్స్‌కు గుర్తుగా సిట్రేట్ సింథేజ్ చూసుకుంది. బాగా కుదిరిన రోజున ఎల్‌డీహెచ్‌ఏ అంతా పైన తేలిన ద్రవంలో, అంటే సూపర్నేటెంట్‌లో, ఉంది, సిట్రేట్ సింథేజ్ ఒక్క చుక్క కూడా అటు కారలేదు. మన 70 బ్యాండ్ మొత్తం సిట్రేట్ సింథేజ్‌తోపాటే పెల్లెట్‌లో కూర్చుంది. సైటోసాల్‌లో ఉండాల్సిన ఎంజైమ్ మైటోకాండ్రియాలో ఎందుకు ఉంటుంది?

నాకైతే ఈ బొమ్మే అన్నింటికన్నా నమ్మకంగా అనిపించింది. నాక్‌డౌన్ చూసిన కొందరు ‘పరోక్ష ప్రభావం కావచ్చు’ అని వాదించవచ్చు. చిరునామా అబద్ధం చెప్పడం కష్టం.

మూడోది, రెండు ప్రోటీన్లనూ మేమే తయారు చేయించి చూపించడం. హెక్293టీ అనే మనిషి కణాల్లో, ఫ్లాగ్ అనే చిన్న గుర్తు ముక్క (ట్యాగ్) తగిలించిన పీసీకే1ను, పీసీకే2ను విడివిడిగా ఎక్స్‌ప్రెస్ చేశాం. ఫ్లాగ్‌ను తోక వైపు, అంటే సీ చివర పెట్టాం. ముందుభాగంలో పెడితే పీసీకే2 సంకేత ముక్క పనికి అడ్డు తగులుతుంది, అడ్డు తగలకపోయినా ఆ ముక్క తెగినప్పుడు ట్యాగ్ కూడా దానితోపాటే పోతుంది. లేన్‌కు మామూలుగా 20 మైక్రోగ్రాములు వేస్తాం, ఇక్కడ ఒకటే వేశాం. ఇలా బలవంతంగా ఎక్స్‌ప్రెస్ చేసిన ప్రోటీన్ ఎంత ఎక్కువ ఉంటుందంటే, మామూలు మోతాదు వేస్తే బలహీనమైన క్రాస్ రియాక్షన్ కూడా నల్లటి మచ్చలా వెలుగుతుంది, అప్పుడు ఎవరికి ఎంత బలమో తెలియదు. ఫ్లాగ్ యాంటీబాడీతో రెండు లేన్లూ దాదాపు సమానంగా వచ్చాయి. మన పాత యాంటీబాడీ పీసీకే1ను బలంగా పట్టుకుంది, పీసీకే2ను దానిలో సుమారు మూడో వంతు బలంతో పట్టుకుంది. ఆ బలం తక్కువే. కానీ ఏ549లో పీసీకే1 లేదు కాబట్టి ఆ మూడో వంతే మొత్తం సిగ్నల్ అయి కూర్చుంది.

నాకు ఈ కేసులో అన్నింటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. యాంటీబాడీ మంచిదా చెడ్డదా అన్నది ఆ వయల్‌లో ఒక్కదానిలోనే తేలదు. కణంలో అసలు ప్రోటీన్ ఎంత ఉంది, పోలిక ఉన్నది ఎంత ఉంది అన్న నిష్పత్తిలో తేలుతుంది. మనిషి కిడ్నీ లైసేట్‌లో ఇదే యాంటీబాడీ చూపించే బ్యాండ్‌లో అధికభాగం పీసీకే1దే. ఏ549లో అదే యాంటీబాడీ చూపించేది వంద శాతం పీసీకే2ను. ఒకే వయల్, ఒకే డైల్యూషన్, ఒకే చోట బ్యాండ్.

చివరిగా జీన్‌ను కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో పీసీకే2ను ఏ549లో తీసేశాం. మూడు క్లోన్లు పెంచి సీక్వెన్స్ చేయిస్తే రెండింటిలో ఫ్రేమ్, అంటే జీన్‌ను మూడేసి బేస్‌లుగా చదివే వరుస, తప్పింది, వాటిలో 70 బ్యాండ్ పూర్తిగా పోయింది. మూడో క్లోన్‌లో సరిగ్గా మూడు బేస్‌లు తెగాయి. ఫ్రేమ్ తప్పలేదు, ఒక అమైనో ఆమ్లం మాత్రమే తగ్గింది, బ్యాండ్ యథాతథంగా ఉంది. ఆ మూడో క్లోన్‌ను పారేయకుండా బ్లాట్‌లో పెట్టాం. ఎడిటింగ్ ప్రక్రియ అంతా గడిచి, ప్రోటీన్ మాత్రం పోని కణం అది. అంతకన్నా మంచి కంట్రోల్ మేం కావాలని తయారు చేయలేకపోయేవాళ్లం. ప్రోటీన్ పోయిన నాకౌట్ లేన్లలో 50 దగ్గర పలచటి గీత ఒకటి మిగిలింది. అది ఎవరిదో వెతకలేదు, పెప్‌సీకే కాదని మాత్రం స్పష్టం.

సరైన యాంటీబాడీ కోసం

పీసీకే1ను విడిగా చూపించే యాంటీబాడీ ఇప్పటికీ కావాలి. ఏ549లో అది లేదని చెప్పాలన్నా దాన్ని చూడగలిగేది ఒకటి ఉండాలి కదా. రెండు ప్రోటీన్లూ ఎక్కువగా విడిపోయేది ముందుభాగంలో. ఆ భాగంలోని వరుసకు వ్యతిరేకంగా తయారైన రీకాంబినెంట్ మోనోక్లోనల్ ఒకటి దొరికింది. మోనోక్లోనల్ అంటే గుంపు కాదు, ఒకే రకం యాంటీబాడీ. రీకాంబినెంట్ అంటే యాంటీబాడీ జీన్ల సీక్వెన్స్ తెలుసు, దాన్నే ప్రతిసారీ కణాల్లో తయారు చేస్తారు, ఒక కుందేలు రక్తం మీద ఆధారపడరు. 2023లో యాంటీబాడీలను పరీక్షించే వైకారోస్ బృందం 65 మానవ ప్రోటీన్లకు చెందిన 614 యాంటీబాడీలను నాకౌట్ కణాలతో పోల్చి ప్రచురించినప్పుడు సగటున మెరుగ్గా నిలిచింది రీకాంబినెంట్లే. అయినా ఆ పేరు చూసి నమ్మేయలేదు. మోనోక్లోనల్ కూడా ఉమ్మడి వరుసను పట్టుకోవచ్చు, అప్పుడది ప్రతి వయల్‌లోనూ ఒకే తప్పును ఎంతో నిలకడగా చేస్తుంది.

ఫ్లాగ్ ప్రోటీన్ల మీద వేస్తే పీసీకే1 మాత్రమే వెలిగింది. మనిషి కాలేయం, కిడ్నీ లైసేట్లలో బ్యాండ్ వచ్చింది. ఏ549లో, గ్లూకోజ్ ఉన్నా లేకపోయినా, ఏమీ రాలేదు.

హెప్‌జీ2 మీద మాత్రం కొంచెం కష్టపడాల్సి వచ్చింది. మామూలుగా పెంచిన హెప్‌జీ2లో కొత్త యాంటీబాడీ చాలా పలచటి గీతే చూపించింది. పాతది మాత్రం దండిగా చూపించేది! డేటాషీట్‌లో హెప్‌జీ2 బొమ్మ అంత బలంగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది, ఆ బలంలో పీసీకే2 వాటా చాలా ఉంది. పీసీకే1 నియంత్రణ హార్మోన్ల చేతిలో ఉంటుంది. గ్లూకాగాన్ పంపే సీఏఎంపీ సంకేతం, గ్లూకోకార్టికాయిడ్లు దాన్ని పెంచుతాయి, ఇన్సులిన్ అణచివేస్తుంది. అందుకని కణాలను రాత్రంతా సీరమ్ లేకుండా ఉంచి, సీఏఎంపీలా పనిచేసే డైబ్యుటిరిల్ సీఏఎంపీ, గ్లూకోకార్టికాయిడ్ అయిన డెక్సామెథాసోన్ కలిపి ఇచ్చాం. కొత్త యాంటీబాడీ బ్యాండ్ స్పష్టంగా లేచింది. అదే పూట మరో ప్లేట్‌కు ఇన్సులిన్ కూడా చేర్చితే తగ్గింది. శరీరశాస్త్రం చెప్పినట్టు నడుచుకునే బ్యాండ్‌ను చూస్తే కలిగే నమ్మకం వేరు. ఏ549 మీద పాత యాంటీబాడీతో ఇదే మందుల పరీక్ష ముందే చేసి ఉంటే బ్యాండ్ కదలకపోవడం చూసి అప్పుడే ఆగిపోయేవాళ్లం.

పీసీకే2 పెరగడానికి కారణం వేరే. కణానికి అమైనో ఆమ్లాలు కరువైనా, ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ ఒత్తిడిలో పడినా ఏటీఎఫ్4 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ లేస్తుంది, అది పీసీకే2ను పెంచుతుంది. గ్లూకోజ్ లేని ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు పీసీకే2ను పెంచుకుని బతకడానికి వాడుకుంటాయని 2015లోనే ప్రచురితమైంది. అంటే మా బ్లాట్‌లో కనపడిన పెరుగుదల నిజమే. మేం దానికి పెట్టిన పేరే తప్పు. ఆ పేరుతో పత్రం వెళ్లి ఉంటే, చదివిన ఇంకెవరో ఊపిరితిత్తుల కణాల్లో పీసీకే1ను అడ్డుకునే మందు కోసం వెతుకుతూ కూర్చునేవారు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

ఇక్కడ ఇంకో యాంటీబాడీ కథ గుర్తొస్తుంది. పాథాలజిస్టులు కాలేయ కణితులను గుర్తించడానికి వాడే హెప్ పార్ 1 అనేది 1993లో వెలుగులోకి వచ్చింది. ఫార్మాలిన్‌లో నిలవ చేసిన కాలేయ కణజాలాన్నే ఇమ్యునోజెన్‌గా వాడి తయారు చేశారు. అది ఏ ప్రోటీన్‌ను పట్టుకుంటోందో పదిహేనేళ్లు ఎవరికీ తెలియదు. యూరియా సైకిల్‌లోని మైటోకాండ్రియా ఎంజైమ్ సీపీఎస్1 అని 2008లో తేలింది. పేరు తెలియకపోయినా ఆ యాంటీబాడీ అన్నాళ్లూ ఎంతో ఉపయోగపడింది, ఎందుకంటే ఏ కణజాలాల్లో వెలుగుతుంది, ఎక్కడ వెలగదు అన్నది వందల స్లైడ్ల మీద ఓపిగ్గా చూసి రాసిపెట్టారు. మా దగ్గర అందుకు పూర్తిగా ఉల్టా: వయల్ మీద ప్రోటీన్ పేరు స్పష్టంగా ఉంది, ఎక్కడ వెలగకూడదో చూసినవాళ్లు లేరు.

ఆ తర్వాత

మా ఫలితాలన్నీ లాట్ (తయారీ విడత) నంబర్‌తో సహా అమ్మినవాళ్లకు పంపాం. కొన్ని వారాలకు డేటాషీట్‌లో పీసీకే2తో క్రాస్ రియాక్షన్ ఉండవచ్చన్న వాక్యం చేర్చారు. దానికి సంతోషమే. కానీ పాత డేటాషీట్ ప్రింటవుట్ తీసి గోడకు అంటించుకున్న ల్యాబ్‌లకు ఆ వాక్యం చేరదు. అదే సంస్థ నుంచి వచ్చిన తర్వాతి లాట్‌ను కూడా ఫ్లాగ్ ప్రోటీన్ల మీద వేసి చూశాం. ఆ లాట్‌లో పీసీకే2 మీద పట్టు మొదటిదానికన్నా ఎక్కువగా ఉంది. పాలిక్లోనల్‌తో ఇది సహజం, మరో బ్లీడ్, అంటే కుందేలు నుంచి మరోసారి తీసిన రక్తం, అంటే మరో గుంపు. అందుకే పత్రంలో కేటలాగ్ నంబర్ ఒక్కటే రాస్తే సరిపోదు. లాట్ నంబర్, యాంటీబాడీకి ఉండే గుర్తింపు సంఖ్య ఆర్‌ఆర్‌ఐడీ రెండూ రాయాలని మా ల్యాబ్‌లో నియమం పెట్టాను.

2016లో అంతర్జాతీయ కార్యవర్గం ఒకటి యాంటీబాడీ ధ్రువీకరణకు ఐదు మార్గాలు సూచించింది: జీన్‌ను తీసి చూడటం, యాంటీబాడీ అవసరం లేని మరో పద్ధతితో పోల్చడం, రెండో యాంటీబాడీతో పోల్చడం, ట్యాగ్ ఉన్న ప్రోటీన్‌తో పోల్చడం, యాంటీబాడీ పట్టి లాగినదాన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీతో గుర్తించడం. ఐదూ సమానమని నేననుకోను. పోలిక ఉన్న ప్రోటీన్లు ఉన్నచోట జీన్‌ను తీసి చూడటమే పెద్దది. రెండో యాంటీబాడీ కూడా అదే ఇమ్యునోజెన్ నుంచి వచ్చి ఉంటే అది సాక్ష్యం కింద లెక్కకు రాదు, ఒకే తప్పును రెండు నోళ్లు చెప్పినట్టవుతుంది. ఇప్పుడు కొత్త యాంటీబాడీ ల్యాబ్‌కు వస్తే ముందు ఇమ్యునోజెన్ వరుస అడిగి, ప్రోటీన్ కుటుంబమంతటితో పేర్చి చూస్తాం. తర్వాత క్యూపీసీఆర్‌తో మన కణంలో ఎవరు ఎంత ఉన్నారో కొలుస్తాం. బ్లాట్ ఆ తర్వాతే.

పాత వయల్‌ను పారేయలేదు. ఎలుక కాలేయం పనికి అది బాగానే పనికొస్తుంది. మూత మీద పాత లేబుల్ చింపేసి, ‘పీసీకే1 + పీసీకే2, మనిషి కణాలకు వద్దు’ అని ఆ అమ్మాయే రాసి అంటించింది. పత్రాన్ని మళ్లీ రాసింది, శీర్షికలో ఎంజైమ్ పేరు మారింది. మూడు బొమ్మలు తీసేశాం, నాలుగు కొత్తవి చేరాయి.

మిగిలింది స్లైడ్లు. పాత యాంటీబాడీతో ఊపిరితిత్తుల కణితుల స్లైడ్లు నలభైదాకా రంగు వేయించి ఉన్నాం, చాలావాటిలో గోధుమ రంగు (యాంటీబాడీ అంటుకున్న చోటికి గుర్తు) బాగా వచ్చింది. మైక్రోస్కోప్ కింద ఇప్పుడు తిరిగి చూస్తే ఆ రంగు కణమంతా పరచుకుని లేదు, సన్నటి ఇసుక చల్లినట్టు రేణువులుగా ఉంది. మైటోకాండ్రియా ప్రోటీన్లకు ఉండే తీరు అది. అప్పుడు కూడా మా కళ్ల ముందే ఉంది. కొత్త యాంటీబాడీని ఫార్మాలిన్ కణజాలం మీద విడిగా పరీక్షించుకున్నాక, అవే బ్లాకుల నుంచి కొత్త సెక్షన్లు కోయించి, ప్రతి స్లైడ్ మీద కణితి పక్కనే కిడ్నీ ముక్కను కంట్రోల్‌గా పెట్టించాం. కిడ్నీలో ప్రాక్సిమల్ గొట్టాలు ముదురు గోధుమ రంగులో నిండుగా, సమంగా వెలిగాయి. అదే గాజు మీద, రెండు మిల్లీమీటర్ల దూరంలో, కణితిలో కేంద్రకాలకు వేసే హెమటాక్సిలిన్ నీలం తప్ప ఏమీ లేదు.